డ్రైవ్ పక్కకు పోతోందా? స్వింగ్ జోలికి వెళ్లేముందు నిలబడే తీరు చూసుకోండి

మహబూబ్‌నగర్, నల్గొండ నుంచి గోల్ఫ్ ఆడేవాళ్లలో ఎక్కువమంది వంద కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్తుంటారు. అంత దూరం పోయి, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సులో డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్) తీసి కొడితే బంతి కుడివైపు వంపు తిరిగి ఎక్కడో పడుతుంది. చాలామంది వెంటనే స్వింగ్, అంటే క్లబ్ ఊపే తీరు, మార్చేస్తారు. నా లెక్కలో ముందు చూడాల్సింది స్వింగ్ కాదు, నిలబడే తీరు. దాన్ని ఇంటి డాబా మీదే సరిచేసుకోవచ్చు. (కింద రాసిందంతా కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.)

మొదట గురి. బంతి వెనక నిలబడి, ఎక్కడ పడాలో చూడండి. ఆ గీత మీదే బంతికి రెండు మూడడుగుల ముందు ఒక ఎండుటాకో విరిగిన టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) ముక్కో గుర్తు పెట్టుకోండి. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ కూడా ఇలాగే గురి చూసేవాడు. దూరంగా ఉన్న జెండా కంటే దగ్గరి ఆకుకు గురిపెట్టడం తేలిక.

ఇప్పుడు క్లబ్ ఫేస్‌ను (బంతికి తగిలే ముఖాన్ని) ఆ గుర్తుకు ఎదురుగా పెట్టండి. పాదాలు ఆ తర్వాతే. చాలామంది ముందు నిలబడి, తర్వాత ఫేస్‌ను చేతులతో అటూ ఇటూ తిప్పుతారు. తేడా అక్కడే మొదలవుతుంది. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి ఎటు బయలుదేరుతుందో ఎక్కువగా తేల్చేది ఫేసే. బయలుదేరే దిశలో 3 డిగ్రీల తేడా ఉంటే, బంతి వంపు తిరగకుండా పోయినా 200 గజాల దగ్గర 10 గజాలు పక్కన ఉంటుంది.

రెండు పాదాల వేళ్లను కలిపే గీత నేరుగా లక్ష్యం మీదికి పోకూడదు, బంతి గీతకు పక్కగా పోవాలి. పత్తి చేనులో పక్కపక్క సాళ్లు ఉంటాయి కదా, బంతి ఒక సాలులో, మీరు ఇంకో సాలులో ఉన్నట్టు అనుకోండి. రెండూ ఎంత దూరం పోయినా కలవవు. డాబా మీద రెండు పీవీసీ కరెంటు పైపులు పక్కపక్కన పరిచి అలవాటు చేసుకోండి. పాదాలు సరిగ్గా ఉన్నా భుజాలు ఎడమకు తెరుచుకుని ఉండొచ్చు, స్లైస్ (బంతి కుడికి వంగే షాట్) కొట్టేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. క్లబ్‌ను రెండు భుజాలకు ఆనించి అది ఎటు చూపిస్తుందో చూసుకోండి. డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే చోట) మ్యాట్ అంచును మాత్రం నమ్మకండి, మీ లక్ష్యం అటే ఉండాలని లేదు.

బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉండాలి. పాదాలు దగ్గరగా పెట్టి, బంతిని ఎడమ మడమకు ఎదురుగా ఉంచి, ఎడమ పాదం కొంచెమే జరిపి, కుడి పాదం భుజాల వెడల్పు దాటేదాకా జరిపితే చోటు దానంతటదే కుదురుతుంది. బంతి ఇంకా ముందుకు పోతే దాన్ని అందుకోబోయి భుజాలు తెరుచుకుంటాయి. టీ ఎత్తు: క్లబ్ నేల మీద ఆనినప్పుడు బంతిలో సగం క్లబ్ తల పైఅంచు కంటే పైకి కనబడాలి.

కుడిచేయి గ్రిప్ (క్లబ్ పిడి) మీద కిందుగా ఉంటుంది కాబట్టి కుడి భుజం కూడా ఎడమదాని కంటే కాస్త కిందికే ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో బిగబట్టి నిలబడితే క్లబ్ పైనుంచి బంతి మీద పడుతుంది.

గ్రిప్ పట్టాక కిందికి చూస్తే ఎడమచేతి కణుపులు రెండో మూడో కనబడాలి. నరాలు ఉబ్బేలా బిగించకండి. మన ఎండల్లో చెమటకు క్లబ్ జారుతుందని తెలియకుండానే గట్టిగా పట్టేస్తాం, అందుకే తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

ఊరి బయట ఖాళీ ప్లాట్లు ఉన్నాయి కదా అని అసలు బంతితో కొట్టకండి. గొర్రెల మంద, బండి మీద పోయే మనిషి, ఎవరికైనా తగలొచ్చు. ఇంట్లో బంతి లేకుండా నిలబడటమే ప్రాక్టీస్ చేయండి. లక్ష్యానికి ఎదురు దిక్కున, లక్ష్యం గీత మీద, చేతుల ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీసుకోండి. రేంజ్‌లో మాత్రం బంతి బంతికీ వెనక్కి వచ్చి, గురి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇవన్నీ కుదిరాక కూడా బంతి కుడికే వంగుతుంటే అప్పుడు తప్పు స్వింగ్‌లో ఉన్నట్టు. కోచ్ దగ్గరికి ఆ వీడియోలు పట్టుకుపోండి, ఆయనకు సగం పని తగ్గుతుంది.