జీపీఏ, ఎల్‌శాట్ స్కోరు చూసి అమెరికా లా స్కూలు సీటు అవకాశాలను అంచనా వేయడం ఎలా?

ఎంసెట్, లాసెట్ కౌన్సెలింగులకు అలవాటుపడిన ఇళ్లలో, అమెరికాలో పెరుగుతున్న పిల్లలు లా చదువుతామనగానే వినిపించే మొదటి ప్రశ్న "ఏ కాలేజీకి కటాఫ్ ఎంత?" అన్నదే. నిరుడు ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూసుకుని, మన ర్యాంకు అంతకు ముందుంటే నిశ్చింతగా ఉండటం మనకు తెలిసిన పద్ధతి. అమెరికా లా స్కూళ్లలో అటువంటి గీత ఏదీ ఉండదు. అక్కడ కటాఫ్ స్థానంలో చూసుకోవలసింది మీడియన్, అంటే మనం బడి లెక్కల పుస్తకంలో నేర్చుకున్న మధ్యగతం. ఈ ఒక్క తేడా బోధపడితే మిగిలిన లెక్క చాలావరకు తేలికవుతుంది.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా ఏదైనా డిగ్రీ తర్వాత చేసే జేడీ అనే మూడేళ్ల లా కోర్సు గురించి. ఇండియాలో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి అక్కడ ఎల్‌ఎల్‌ఎంకు వెళ్లేవారిని లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష అయిన ఎల్‌శాట్ సాధారణంగా అడగరు కనుక ఈ లెక్కలతో వారికి పనిలేదు.

మొదట తేల్చుకోవలసింది జీపీఏ, అంటే కాలేజీ గ్రేడ్లకు ఇచ్చే పాయింట్ల సగటు. కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు (గ్రేడ్ల పత్రం) మీద అచ్చయిన అంకెను నమ్ముకుని అంచనా మొదలుపెట్టడమే ఎక్కువ మంది చేసే పొరపాటు. దరఖాస్తులను లా స్కూళ్లకు చేర్చే ఎల్‌శాక్ అనే సంస్థ ప్రతి ట్రాన్‌స్క్రిప్టునూ తన పద్ధతిలో మళ్లీ లెక్కగడుతుంది. లా స్కూలు చూసేది ఆ అంకెనే. ఎల్‌శాక్ లెక్కలో ఏ ప్లస్‌కు 4.33, ఏకు 4.00, ఏ మైనస్‌కు 3.67, బీ ప్లస్‌కు 3.33 పాయింట్లు. మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ చేతికి రాకముందు చదివిన కాలేజీ కోర్సులన్నీ అందులోకి వస్తాయి. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో సరదాగా తీసుకున్న కోర్సును కూడా వదలరు. ఆ డిగ్రీ తర్వాత చేసిన ఎంఎస్ మార్కులు మాత్రం కలవవు.

మన పిల్లల విషయంలో తరచు దెబ్బకొట్టేది రెండోసారి చదివిన కోర్సులు. పెద్దల ముచ్చట కాదనలేక డాక్టరు చదువు దారిలో చేరి, ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేతులు కాల్చుకుని, తర్వాత పొలిటికల్ సైన్సుకు మారిన విద్యార్థిని తీసుకోండి. నాలుగేసి క్రెడిట్ల కోర్సులు రెండింటిలో డీ గ్రేడు వస్తే మళ్లీ రాసి మంచి గ్రేడ్లు తెచ్చుకున్నాడు. కాలేజీ పాత గ్రేడ్లను పక్కన పెట్టి 120 క్రెడిట్లకు 3.62 జీపీఏ ఇచ్చింది. ట్రాన్‌స్క్రిప్టు మీద పాత గ్రేడ్లు, వాటి క్రెడిట్లు కనిపిస్తూనే ఉంటే ఎల్‌శాక్ వాటినీ కలుపుతుంది. అప్పుడు 120ని 3.62తో గుణించగా వచ్చిన 434.4కు ఆ రెండు డీల 8 పాయింట్లు (డీ వస్తే క్రెడిట్‌కు ఒక పాయింటు) కలిపి, మొత్తాన్ని 128 క్రెడిట్లతో భాగిస్తే వచ్చేది 3.46. దరఖాస్తు పెట్టిన తర్వాత ఈ అంకె చూసి గుండె జారడం కంటే, ముందే కాగితం మీద వేసుకోవడం మేలు. ఇంకా చదువులో ఉన్నవారికి మాత్రం కొంత వెసులుబాటు ఉంది: 90 క్రెడిట్లకు 3.40 ఉన్న విద్యార్థి చివరి 30 క్రెడిట్లలో అన్నీ ఏ గ్రేడ్లే తెచ్చుకుంటే 3.55కు చేరతాడు. అంతకుమించి జీపీఏ పెద్దగా కదలదు; కదిలేది ఎల్‌శాట్ స్కోరే.

ఎల్‌శాట్‌ను 120 నుంచి 180 మధ్య లెక్కిస్తారు. లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల విభాగాన్ని 2024 ఆగస్టు నుంచి తీసేశారు కనుక పాత పుస్తకాలతో చదివేవారు ఆ అధ్యాయాలను వదిలేయవచ్చు. ఇంకా పరీక్ష రాయనివారు అంచనాకు ఏ అంకె వాడాలన్నది అసలు చిక్కు. ఒకసారి ప్రాక్టీస్ టెస్టులో వచ్చిన అత్యధిక స్కోరును తమ స్కోరుగా చెప్పుకోవడం పిల్లల సహజ లక్షణం. అసలు పరీక్షలాగే గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాసిన చివరి ఐదు టెస్టుల సగటు తీసుకోవాలని నేను చెబుతాను. ఆ సగటుకు అటూ ఇటూ మూడు పాయింట్ల తేడా ఉండవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. ఒకటికి మించి రాసినా భయం లేదు. స్కూళ్లు తమ నివేదికలో చూపేది ఒక్కో విద్యార్థి అత్యధిక స్కోరునే కనుక, వాటి కన్ను ప్రధానంగా దాని మీదే ఉంటుంది. అయితే ఐదేళ్లలో ఐదుసార్లు, జీవితంలో ఏడుసార్లు అన్న పరిమితి ఉంది.

చేతిలో రెండు అంకెలు ఉన్నాక ఒక్కో స్కూలు 509 రిపోర్టు తెరవాలి. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ ఏటా డిసెంబరులో దీనిని తన వెబ్‌సైటులో పెట్టి తీరాలి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎందరికి సీటు ఇవ్వజూపారు, ఎందరు చేరారు అన్నవాటితో పాటు, చేరినవారి ఎల్‌శాట్, జీపీఏలకు 25, 50, 75 పర్సంటైల్ అంకెలు (అంటే చేరినవారిలో నూటికి అంతమంది ఆ అంకెకు లోపల ఉన్నారని) అందులో ఉంటాయి. వీటిలో నడుమ ఉన్న 50 పర్సంటైల్ అంకే మీడియన్. ఇవి చేరినవారి అంకెలన్నది మరవకూడదు. సీటు వచ్చినా ఇంకా పేరున్న స్కూలుకు వెళ్లిపోయినవారు ఇందులో లేరు కనుక, సీటు ఇవ్వజూపినవారి అంకెలు సాధారణంగా ఇంకాస్త ఎక్కువే ఉంటాయి.

మీడియన్‌కు అంత ప్రాధాన్యం ఎందుకు? సగటైతే ఒక్కరి 180 స్కోరు దానిని కొంత పైకి లాగుతుంది. మధ్యగతం అలా కాదు: మీడియన్ 165గా నిలుపుకోవాలనుకునే స్కూలుకు 166 తెచ్చుకున్నవాడూ 176 తెచ్చుకున్నవాడూ చేసే ఉపకారం ఒకటే, 164 వాడూ 155 వాడూ చేసే చేటూ ఒకటే. లా స్కూళ్లకు యూఎస్ న్యూస్ సంస్థ ఇచ్చే ర్యాంకింగుల్లో ఈ అంకెల బరువును 2023లో తగ్గించినా స్కూళ్లు మీడియన్ మీద మమకారం వదులుకోలేదు. అందుకే మీడియన్ దగ్గర ఒక్క పాయింటుకు ఉన్న విలువ దానికి దూరంగా ఉన్న ఐదు పాయింట్లకు ఉండదు.

ఒక స్కూలును ఊహించుకుందాం. ఎల్‌శాట్ అంకెలు 160, 165, 167. జీపీఏ అంకెలు 3.50, 3.78, 3.90. వచ్చిన దరఖాస్తులు 2,400, సీటు ఇవ్వజూపింది 600 మందికి, అంటే నూటికి 25 మందికి. మన 3.46 విద్యార్థికి ఎల్‌శాట్‌లో 164 వస్తే రెండు మీడియన్ల కిందా ఉన్నట్టే. నూటికి 25 అన్న సగటు అవకాశం కూడా అతనికి లేదనుకోవాలి. అతనికే 166 వస్తే సంగతి మారిపోతుంది. జీపీఏ అట్టడుగు పావులోనే ఉన్నా ఎల్‌శాట్ మీడియన్ దాటింది కనుక స్కూలుకు అతనితో ఒక ప్రయోజనం ఉంది. ఇలాంటివారిని స్ప్లిటర్లనీ, జీపీఏ ఎక్కువగా, ఎల్‌శాట్ తక్కువగా ఉన్నవారిని రివర్స్ స్ప్లిటర్లనీ అంటారు. వీరి ఫలితాన్ని ముందుగా చెప్పడం కష్టం. ఒకే స్థాయి స్కూళ్లలో ఒకటి పిలుస్తుంది, ఇంకొకటి మొహం చాటేస్తుంది. కాబట్టి స్ప్లిటర్లు మిగతావారికంటే ఎక్కువ స్కూళ్లకు దరఖాస్తు పెట్టుకోవాలి. 164కూ 166కూ మధ్య తేడా మహా అయితే రెండు మూడు ప్రశ్నలు. ఇంకో రెండు నెలలు చదివి మళ్లీ రాయాలా వద్దా అన్నదానికి జవాబు అందులోనే ఉంది.

రెండు మీడియన్లూ దాటినవారు ఈ స్కూలును సేఫ్ అనుకోవచ్చునా అంటే, దాదాపుగా అనుకోవచ్చు. అయితే నూటికి పదిహేను మందిని కూడా పిలవని స్కూళ్ల విషయంలో ఆ మాట ఎవరికీ వర్తించదు. ఏటా సుమారు 200 మందినే చేర్చుకునే యేల్ వంటి చోట మంచి అంకెలు తలుపు దాకా తీసుకెళ్తాయి. లోపలికి పిలిచేది వ్యాసాలు, సిఫారసు లేఖలు, చేసిన పని. ఈ మూడింటినీ ఏ అంచనా లెక్కలోనూ ఇమడ్చలేం.

ఇండియాలో బీటెక్ చేసి జేడీకి వెళ్లాలనుకునేవారి లెక్క వేరు. ఇక్కడి 7.8 సీజీపీఏనో 74 శాతాన్నో ఎల్‌శాక్ 4.00 కొలతలోకి మార్చదు. ట్రాన్‌స్క్రిప్టును పరిశీలించి సుపీరియర్, అబౌవ్ యావరేజ్, యావరేజ్ వంటి ఒక మాటతో సరిపెడుతుంది. అంకె లేదు కనుక వీరు స్కూలు జీపీఏ మీడియన్‌ను పెంచనూ లేరు, దించనూ లేరు. శాతాలను జీపీఏగా మార్చిపెడతామనే వెబ్‌సైట్ల అంకెతో 509 రిపోర్టును పోల్చడం వృథా శ్రమ. వీరు ఎల్‌శాట్ వరుసను మాత్రమే చూసుకుని, తమ స్కోరు మీడియన్‌కు సమానంగానో పైనో ఉన్న స్కూళ్ల మీదే ఆశ పెట్టుకోవడం మంచిది.

అంచనాను కాలంతో కూడా సరిచూసుకోవాలి. చాలా స్కూళ్లు దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు ఇస్తూపోతాయి కనుక, అక్టోబరులో పెట్టిన 165కు ఉన్న బలం ఫిబ్రవరి చివర పెట్టిన 165కు ఉండదు. పైగా 509 రిపోర్టులోని అంకెలు అంతకుముందే చేరిపోయిన బ్యాచివి. మీరు పోటీపడే ఏడాదికి మీడియన్ ఒక పాయింటు పెరిగి ఉండవచ్చు. అందుకే సరిగ్గా మీడియన్ మీద ఉన్నవారు ఒక మెట్టు కిందే ఉన్నామనుకుని స్కూళ్ల జాబితా వేసుకోవాలి.

ఆ జాబితాలో రెండు అంకెలూ 75 పర్సంటైల్ దాటే స్కూళ్లు ఒకటి రెండైనా ఉంచుకోండి. వాటి పేరు చుట్టాలకు తెలియకపోవచ్చు గానీ, ఫీజులో పెద్ద భాగం తగ్గించి పిలిచేది తరచు అవే. అలా పిలుపు వచ్చినప్పుడు 509 రిపోర్టులోనే ఉండే షరతులతో కూడిన స్కాలర్‌షిప్పుల పట్టిక తెరిచి, ఎందరికి ఇచ్చి ఎందరి నుంచి మధ్యలో తగ్గించారో లేదా తీసేశారో చూసిన తర్వాతే డిపాజిట్ కట్టండి.