కొత్త రాజ్యాంగమా, సవరణా: తేల్చుకునే పద్ధతి

ఒక తరం రాసుకున్న రాజ్యాంగానికి తర్వాతి తరం ఎందుకు కట్టుబడాలి? 1789 సెప్టెంబరు 6న పారిస్ నుంచి అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఈ ప్రశ్నకు లెక్క కట్టి మరీ జవాబిచ్చాడు. మరణాల పట్టికల ప్రకారం, ఒక రోజున బతికున్న వయోజనుల్లో సగానికి పైగా 19 ఏళ్లలో పోతారు. కాబట్టి రాజ్యాంగమైనా చట్టమైనా 19 ఏళ్లకు దానంతటదే చెల్లకుండా పోవాలన్నాడు. మరుసటి ఫిబ్రవరిలో వచ్చిన జవాబులో మాడిసన్ ఒప్పుకోలేదు. గడువు దగ్గరపడేకొద్దీ ఆస్తులకు భరోసా పోతుందన్నాడు. పాతది పోయి కొత్తది వచ్చేలోగా దేశానికి దిక్కెవరని అడిగాడు. పెద్దలు చేసిన మేళ్లు అనుభవిస్తూ వాళ్ల బాకీలు మావి కావంటే ఎలాగన్నాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ జెఫర్సన్ మాటలనే ఉటంకించి, ఈ సభ తన రాతను తిరుగులేనిదిగా ప్రకటించుకోలేదని, సవరణకు తేలికైన దారి పెట్టిందని గుర్తుచేశారు.

రాజ్యాంగం మార్చాలా అని ప్రతి తరాన్నీ గడువు పెట్టి అడగాల్సిందే. తిరగరాయడం మాత్రం ఆఖరి మందుగా ఉంచుకోవాలి. అధ్యయన బృందం గానీ, పౌర సంఘం గానీ, శాసనసభ కమిటీ గానీ ఈ పని నెత్తికెత్తుకుంటే వరస ఇలా ఉండాలి.

ముందు ఫిర్యాదులను విడదీయండి

ఒక్కో ఫిర్యాదును ఒక్కో కాగితం మీద రాయండి. కింద ఒకే ప్రశ్న వేయండి: ఏ అధికరణలో ఏ మాట తీసి ఏ మాట పెడితే ఇది తీరుతుంది? జవాబు ఒక వాక్యంలో రాయలేకపోతే ఆ ఫిర్యాదు రాజ్యాంగానిది కాకపోవచ్చు. కోర్టుల్లో కేసులు ఏళ్లతరబడి నలుగుతున్నాయి అనుకోండి. ఖాళీ పోస్టులు, బడ్జెట్టు, విచారణ నియమాలు, ఇలా కారణాలు దాదాపు అన్నీ మామూలు చట్టం చేతిలోనో ప్రభుత్వం చేతిలోనో ఉంటాయి. రాజ్యాంగం మొత్తం మార్చినా ఆ వాయిదాలు అలాగే పడతాయి.

ఇలా చూసుకుంటూ పోతే కాగితాలు నాలుగు కట్టలవుతాయి. రాజ్యాంగంలో ఉండీ అమలుకానివి మొదటి కట్ట. మామూలు చట్టంతో తీరేవి రెండోది. ఒకటో రెండో అధికరణలు అడ్డుపడేవి మూడోది. ఎవరు ఎవరిని ఎన్నుకుంటారు, ఎవరు ఎవరిని దించగలరు అన్న అధికార నిర్మాణమే తప్పైనవి నాలుగోది.

మూడో కట్ట ఎలా ఉంటుందో చూడాలంటే భారత రాజ్యాంగం 326వ అధికరణ చాలు. ఓటు వయసు 21 నుంచి 18కి తేవడానికి 1989లో 61వ సవరణ మార్చింది ఆ ఒక్క అంకెనే. నాలుగో కట్టకు ఉదాహరణ వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా. జాతీయ పార్లమెంటుకు దేశంలోని అత్యధికులకు ఓటే లేనప్పుడు ఏ అధికరణకు అతుకు వేస్తారు? కొత్తది రాయక తప్పలేదు.

నాలుగో కట్ట ఖాళీగా ఉంటే కొత్త రాజ్యాంగం మాట పక్కన పెట్టండి. బృందాలు చేసే పెద్ద పొరపాటు మొదటి కట్ట కోపాన్ని నాలుగో కట్టలో వేయడం. జనంలో కోపం నిజమే. కానీ మందు వేరే చోట ఉంది.

సవరణ దారి ఎంత ఇరుకో కొలవండి

అమెరికాలో కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. అంటే 13 రాష్ట్రాలు చాలు, దేన్నైనా ఆపేయడానికి. ఇన్నేళ్లలో అక్కడ వచ్చినవి 27 సవరణలే. భారత్‌లో 368వ అధికరణ ప్రకారం రెండు షరతులు ఒకేసారి నెగ్గాలి: సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండొంతులు. 543 మంది సభలో 390 మందే ఓటు వేస్తే మూడింట రెండొంతులు 260 అవుతుంది. కానీ 272 రాకపోతే సవరణ వీగిపోతుంది. సమాఖ్య నిర్మాణానికి సంబంధించిన కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల ఆమోదమూ కావాలి. మీ రాజ్యాంగానికి ఇదే లెక్క వేసి, సవరణను ఆపగల అతి చిన్న గుంపు ఎంతో కాగితం మీద పెట్టండి.

దారి మరీ ఇరుకైతే మార్పు కోర్టు తీర్పుల మీదుగా వస్తుంది, లేదా వీధిలోకి వస్తుంది. మరీ వెడల్పైతే గెలిచిన పార్టీ రాజ్యాంగాన్ని తన జేబులో పెట్టుకుంటుంది. ఎమర్జెన్సీలో 1976లో వచ్చిన 42వ సవరణ లోక్‌సభ కాలాన్ని ఆరేళ్లకు పెంచింది, కోర్టుల సమీక్షాధికారాన్ని కుదించింది. అందులో చాలా భాగాన్ని 1977-78ల్లో 43, 44వ సవరణలు వెనక్కి తిప్పాయి. పార్లమెంటు సవరణాధికారం రాజ్యాంగపు మౌలిక స్వరూపం, అంటే దాని మూల లక్షణాల, జోలికి పోకూడదని అంతకుముందే, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 తేడాతో చెప్పి ఉంది. సవరణ దాటకూడని అలాంటి గీతను జర్మనీ 1949లో 79వ అధికరణలోనే రాసిపెట్టుకుంది.

వీటన్నిటిలోకీ మాకు నచ్చేది స్వీడన్ పద్ధతి. ఒకే సవరణను పార్లమెంటు రెండుసార్లు ఆమోదించాలి, ఆ రెంటి మధ్య ఒక సార్వత్రిక ఎన్నిక జరగాలి. ఆవేశం చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది, ఓటరుకు మాట చెప్పే వీలూ ఉంటుంది.

రద్దు గడువు వద్దు, అడిగే గడువు పెట్టండి

జెఫర్సన్ కోరికను మాడిసన్ భయం లేకుండా తీర్చే ఉపాయం అమెరికా రాష్ట్రాల్లోనే ఉంది. 14 రాష్ట్రాల్లో “రాజ్యాంగ సభను పిలవాలా?” అని 10 నుంచి 20 ఏళ్లకోసారి ఓటర్లను అడిగి తీరాలి. న్యూయార్క్‌లో 20 ఏళ్లకోసారి అడుగుతారు. 2017లో 80 శాతానికి పైగా వద్దన్నారు, పాత రాజ్యాంగమే నడుస్తోంది. వద్దంటే ఏదీ కూలదు. ఈ ఏర్పాటులోని గొప్పతనం అదే.

ఈ నిబంధన రాసేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది, జనం సరేనన్నాక సభను పిలిచే బాధ్యత శాసనసభకు వదిలేయడం. న్యూయార్క్ ఓటర్లు 1886లో ఔనన్నారు. ప్రతినిధుల ఎంపికపై గవర్నరుకీ శాసనసభకీ పేచీ పడి, సభ కూర్చునేసరికి 1894 వచ్చింది. అందుకే సీట్ల సంఖ్య, ఎన్నిక తేదీ, తొలి సమావేశం రోజు, జీతభత్యాలు నిబంధనలోనే రాసెయ్యాలి. రెండోది, మెజారిటీ దేనిలోనన్నది తేల్చకపోవడం. ఆ ప్రశ్నకు ఓటు వేసినవారిలోనా, ఆ రోజు పోలింగుకు వచ్చిన అందరిలోనా? మేరీలాండ్‌లో 2010లో మొదటి లెక్కన నెగ్గింది, రెండో లెక్కన ఓడింది. అక్కడి రాజ్యాంగం అడిగింది రెండోది.

తిరగరాయక తప్పనప్పుడు

దక్షిణాఫ్రికా వరస ఇప్పటికీ మంచి నమూనా. 1993లో తాత్కాలిక రాజ్యాంగం, అందులో తుది ముసాయిదా మీరకూడని 34 సూత్రాలు. 1994లో ఎన్నికైన సభ రాసింది. 1996 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం సూత్రాలకు సరిపోలేదని తిప్పి పంపింది. దిద్దాక డిసెంబరులో ఆమోదించింది. హద్దులు ముందే గీసుకున్నారు కాబట్టి అంతా ఓడిపోతామన్న భయం తగ్గింది.

చిలీలో 2020లో 78 శాతం కొత్త రాజ్యాంగం కావాలన్నారు. 155 మంది సభ 388 అధికరణలు రాసింది. 2022లో దాదాపు 62 శాతం వద్దన్నారు. మొదటిసారి ఓటు ఐచ్ఛికం, సగం మందే వచ్చారు. రెండోసారి తప్పనిసరి, దాదాపు 86 శాతం వచ్చారు. సభను ఎన్నుకున్న జనం ఒకరు, తీర్పు చెప్పిన జనం మరొకరు. ఇంకో సభ రాసిన రెండో ముసాయిదా కూడా 2023లో ఓడింది. మొదటి ఓటుకూ చివరి ఓటుకూ ఒకే నియమం ఉండాలి.

సభకు గడువూ కావాలి, గడువు దాటితే ఏమిటన్నదీ కావాలి. నేపాల్ తొలి సభ 601 మందితో నాలుగేళ్లు కూర్చుని 2012లో రాజ్యాంగం ఇవ్వకుండానే రద్దయింది. రాసే సభ మామూలు చట్టాలు చేయకూడదని కూడా ముందే రాయండి; 1999లో వెనెజువెలాలో సభ అప్పటికే ఉన్న కాంగ్రెస్ అధికారాలను తన చేతుల్లోకి లాగేసుకుంది.

సంధికాల నిబంధనలు

పాత రాజ్యాంగం నుంచి కొత్తదానికి మారే రోజులకు రాసుకునే ఏర్పాట్లివి. అందరూ ఆఖర్న రాసేది, అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఇదే. భారత రాజ్యాంగం చివరి అధికరణలు పక్కన పెట్టుకుని చూడండి. 395వ అధికరణ 1935 భారత ప్రభుత్వ చట్టాన్నీ 1947 స్వాతంత్ర్య చట్టాన్నీ రద్దు చేస్తుంది. 372 మాత్రం అమల్లో ఉన్న మిగతా చట్టాలన్నీ మార్చేదాకా, రద్దు చేసేదాకా కొనసాగుతాయంటుంది. 1860 నాటి శిక్షాస్మృతి 2024 జూన్ నెలాఖరు దాకా నడిచింది ఈ అధికరణ బలంతోనే. 394 ఇంకా సూక్ష్మమైనది. పౌరసత్వం, ఎన్నికల సంఘం, రాష్ట్రపతి ప్రమాణం వంటి కొన్ని అధికరణలను 1949 నవంబరు 26నే అమల్లోకి తెచ్చి, మిగతావాటిని 1950 జనవరి 26కి ఉంచింది. ఆ రెండు నెలల్లో రాష్ట్రపతి ఎన్నిక ముగిసింది కాబట్టే గణతంత్రం మొదలైన రోజున ప్రమాణం చేయడానికి మనిషి సిద్ధంగా ఉన్నారు.

మీ ముసాయిదాకు ఈ ప్రశ్నలు వేయండి. నడుస్తున్న కేసు ఏ కోర్టులో ముగుస్తుంది? పాత న్యాయమూర్తి మళ్లీ ప్రమాణం చేయాలా? ఆ నెల జీతాలు ఏ పద్దు కింద, ఎవరి సంతకంతో పడతాయి? పాత ప్రభుత్వం తెచ్చిన అప్పు ఎవరిది? కొత్త చట్టాలు ఏ తేదీలోగా రావాలి? కెన్యా 2010లో ఈ చివరి ప్రశ్నకు జవాబుగా ఒక షెడ్యూలే పెట్టుకుని, ఏ చట్టం ఎన్నాళ్లలో రావాలో వరసగా రాసుకుంది. ఈ భాగాన్ని కోర్టు రిజిస్ట్రీలోనూ ఖజానాలోనూ పనిచేసేవాళ్లతో ఒక్కసారి చదివించండి. సభలో ఎవరికీ తట్టని ఖాళీలు వాళ్ల కంట పడతాయి.