పొలం విస్తీర్ణాన్ని డేటాబేస్‌లో చేర్చేటప్పుడు: కొత్త కాలమ్, దానికి తగిన డేటా టైప్

నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ (ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటాబేస్‌లో కొత్త కాలమ్ చేర్చడానికి, టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఒక్క ఆల్టర్ టేబుల్ ఆదేశం సరిపోతుంది. ఆ కాలమ్‌లో ఉండే అంకెకు అర్థమేమిటో తేల్చడమే అసలు పని, అది ఆదేశం రాయకముందే జరగాలి. రైతుల వివరాలున్న టేబుల్‌కు పొలం విస్తీర్ణాన్ని చేర్చడాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా నిర్వచనాన్ని ఒక వాక్యంలో రాసుకోండి: పట్టాదారు పాసుపుస్తకంలో నమోదైన విస్తీర్ణమా, ఈ పంటకాలంలో సాగైన విస్తీర్ణమా? ఈ రెండూ వేర్వేరు అంశాలు, రెండూ కావాలంటే రెండు కాలమ్‌లు ఉండవలసిందే.

తరువాత కొలమానం. ఎకరానికి తెలంగాణలో 40 గుంటలుగా, ఆంధ్రప్రదేశ్‌లో 100 సెంట్లుగా లెక్కిస్తారు. కాబట్టి కాగితం మీద 2.20 అని ఉంటే తెలంగాణలో అది 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో 2 ఎకరాల 20 సెంట్లు. గుంటల లెక్కలో 1.30కి 1.20 కలిపితే 3.10 రావాలి, కానీ డేటాబేస్ 2.50 అని చూపుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు గనుక ఈ తప్పు నివేదికల దాకా నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది.

అందుకే విలువను చదరపు గజాల్లో దాచమంటాను. ఎకరం 4840, గుంట 121, సెంటు 48.4 చదరపు గజాలు. దశాంశాలను కచ్చితంగా దాచే న్యూమరిక్ టైప్‌ను మూడు దశాంశ స్థానాలతో తీసుకుంటే గుంటలోనూ సెంటులోనూ నూరో వంతు వరకు రౌండింగ్ లేకుండా నిలుస్తుంది. సంఖ్యలను బైనరీలో దాచే ఫ్లోట్ టైప్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే 48.4ను బైనరీలో కచ్చితంగా రాయడం సాధ్యం కాదు. కాగితం మీద ఉన్న రూపాన్ని మాత్రం ఉన్నదున్నట్టు మరో టెక్స్ట్ కాలమ్‌లో ఉంచండి. వివాదం వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి అదే ఆధారం. సర్వే నంబరు కూడా టెక్స్టే, 45/అ లాంటివి పూర్ణాంకంలో ఇమడవు.

ఈ నియమాన్ని, అంటే న్యూమరిక్ టైప్‌నూ విలువ సున్నా కన్నా ఎక్కువ ఉండాలన్న షరతునూ, ఒక డొమైన్‌గా (షరతులతో కూడిన సొంత డేటా టైప్‌గా) సృష్టిస్తే కొత్త టేబుళ్లన్నిటిలో ఒకే తీరుగా వాడుకోవచ్చు. అయితే షరతులున్న డొమైన్ టైప్‌తో కాలమ్ చేరిస్తే పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తాన్నీ తిరగరాస్తుంది కాబట్టి, లక్షల వరుసలున్న పాత టేబుల్‌లో మామూలు న్యూమరిక్ కాలమ్ చేర్చి, షరతును చెక్ కన్‌స్ట్రెయింట్‌గా (వరుసల్లోని విలువలను సరిచూసే నియమంగా) విడిగా పెట్టడమే మేలు.

కాలమ్‌ను నల్‌ను (విలువ లేని ఖాళీని) అనుమతించేలా, డీఫాల్ట్ (విలువ ఇవ్వనప్పుడు దానంతటదే చేరే విలువ) లేకుండా చేర్చండి. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డీఫాల్ట్ ఇచ్చినా టేబుల్ తిరగరాయబడదు, కానీ తెలియని విస్తీర్ణాన్ని సున్నాగా చూపడం అబద్ధమే. ఆల్టర్ టేబుల్ ఆ టేబుల్ మీద చదవడాన్ని కూడా ఆపే లాక్ కోరుతుంది. ముందు ఏదైనా పెద్ద క్వెరీ నడుస్తుంటే ఆల్టర్ టేబుల్ ఆగి వేచి ఉంటుంది, దాని వెనుక వచ్చిన క్వెరీలన్నీ వరుసలో నిలిచిపోతాయి. కాబట్టి లాక్ టైమౌట్‌ను (లాక్ కోసం వేచి ఉండే గడువును) కొన్ని సెకన్లకు పరిమితం చేసి, విఫలమైతే మళ్లీ ప్రయత్నించండి.

అప్లికేషన్ కొత్త వరుసల్లో విలువ రాయడం మొదలయ్యాక, పాత వరుసలను చిన్న విడతలుగా నింపి, ఒక్కో విడతకూ కమిట్ చేయండి (మార్పులను ఖాయం చేయండి). అన్నీ నిండాకే, నల్ కాకూడదన్న చెక్ కన్‌స్ట్రెయింట్‌ను నాట్ వ్యాలిడ్‌గా (పాత వరుసలను అప్పుడే సరిచూడకుండా) చేర్చండి. ముందే చేరిస్తే, ఇంకా నిండని పాత వరుసలో ఫోన్ నంబరు మార్చబోయినా ఆ అప్‌డేట్ తిరస్కరణకు గురవుతుంది. ఆ తరువాత ఇచ్చే, పాత వరుసలను సరిచూసే వ్యాలిడేట్ ఆదేశం చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. 12వ వెర్షన్ నుంచి, ఇలా ధ్రువీకరించిన చెక్ ఉంటే, కాలమ్‌లో నల్‌ను నిషేధించే సెట్ నాట్ నల్ ఆదేశం టేబుల్‌ను మళ్లీ వెతకకుండానే పూర్తవుతుంది.

చివరగా, మొదట రాసుకున్న నిర్వచనాన్నీ కొలమానాన్నీ కామెంట్ ఆన్ కాలమ్ ఆదేశంతో డేటాబేస్‌లోనే నమోదు చేయండి. నివేదికలు తయారుచేసేవారు చూసేది అక్కడే.