ఆఫ్రికన్ వయొలెట్ పిల్ల మొక్క వాలిపోతోందా? నీళ్లు పోసే ముందు కుండీ ఎత్తి చూడండి

ఆకు వాలిందంటే చాలు, చెంబు పట్టుకుని వెళ్లిపోతాం. గుంటూరు ఎండల్లో గులాబీకీ మందారానికీ అలా పోసీ పోసీ చేతికి అలవాటైపోయింది. ఇంట్లో పెంచుకునే చిన్న పూల మొక్క ఆఫ్రికన్ వయొలెట్. దాని పిల్లలు ఎక్కువగా చచ్చిపోయేది ఆ చెంబుడు నీళ్ల వల్లే. ఆకు కాడలు నాటి నాలుగు నెలలు పెంచుకున్న ఆరు పిల్లల్లో నాలుగింటిని పోయిన ఏప్రిల్‌లో నేను ఇలాగే పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

సమస్య: ఆకులు మెత్తబడి కుండీ అంచు మీద వాలిపోయాయి

దీనికి రెండు కారణాలున్నాయి, ఒకటి తూర్పు అయితే ఇంకోటి పడమర. మట్టి ఎండిపోయినా వాలుతుంది, వేరు కుళ్లినా వాలుతుంది, ఎందుకంటే కుళ్లిన వేరు చుట్టూ ఎంత తడి ఉన్నా పైకి లాగలేదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది కుండీ బరువే. చేతిలోకి తీసుకోండి. దూదిలా తేలిగ్గా ఉంటే దాహం, బరువుగా చల్లగా ఉంటే కుళ్లు.

తేలిగ్గా ఉంటే భయం లేదు. సాసర్‌లో అంగుళం లోతు నీళ్లు పోసి కుండీని అందులో అరగంట ఉంచండి. పైన మట్టి తడిగా కనిపించగానే తీసేసి, సాసర్‌లో మిగిలింది పారబోయండి. బాగా ఎండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) అంత త్వరగా నీళ్లు పీల్చదు, ఇంకాసేపు పట్టినా కంగారుపడకండి. సాయంత్రానికి ఆకులు లేచి నిలబడతాయి.

బరువుగా ఉంటే మాత్రం చుక్క కూడా పోయొద్దు. మొక్కను కుండీలోంచి నెమ్మదిగా బయటికి తీసి ఒక్క వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరైతే పై తొక్క జారి వేళ్లకు అంటుకుని, లోపల సన్నటి దారం ఒక్కటే మిగులుతుంది. అలా ఉంటే శుభ్రమైన బ్లేడుతో కాండాన్ని కింది నుంచి కొంచెం కొంచెంగా కోస్తూ రండి, గోధుమరంగు మచ్చ పూర్తిగా పోయి లేత ఆకుపచ్చ కనిపించే దాకా. బయటి ఆకులు తుంచేసి, మధ్యలో ఉన్న ఐదారు చిన్న ఆకులతో కొత్త మిశ్రమంలో నిలబెట్టి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్ కప్పి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. వేరు పట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మొవ్వు దాకా గోధుమరంగు ఎక్కేసి ఉంటే ఇక ఆ మొక్కను వదిలేసి, గట్టిగా ఉన్న ఆకు ఒకటి చూసుకుని ఒకటిన్నర అంగుళం కాడతో మళ్లీ నాటుకోవడమే.

అసలు ఎందుకు కుళ్లింది?

నూటికి తొంభై సార్లు మట్టి, కుండీ. ఈ మొక్క పుట్టిల్లు టాంజానియాలోని ఉసంబరా కొండలు. అక్కడి నుంచే 1892లో యూరప్‌కు వెళ్లింది. ఆ కొండల్లో చెట్ల నీడలో, నాచు పట్టిన రాళ్ల సందుల్లో, గుప్పెడు ఆకు ఎరువులో బతుకుతుంది. దాని వేళ్లు జుట్టులా సన్నం, వాటికి తడితోపాటు గాలి కూడా కావాలి. అలాంటిదాన్ని ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన మిశ్రమంలో పెడితే రెండు తడుపులకే గట్టిపడి వేళ్లకు ఊపిరాడదు. నేను వాడేది కోకోపీట్, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుల్ల రాళ్లు, తడి పట్టి ఉంచే పొరల ఖనిజం వర్మిక్యులైట్, మూడూ సమానంగా. (వర్మిక్యులైట్ వేరు, వర్మీకంపోస్ట్ వేరు, కొట్టులో అడిగేటప్పుడు చూసుకోండి.) కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండి వాడాలి.

ఇక కుండీ. విజయవాడలో ఉండే మా పిన్ని, "మాటిమాటికీ మార్చడం ఎందుకే, ఒకేసారి పెద్దదాంట్లో పెట్టేశా" అంది. బొటనవేలంత పిల్ల, ఆరంగుళాల కుండీ! వేళ్లు అందుకోలేని మట్టంతా రోజుల తరబడి తడిగానే ఉంటుంది, కుళ్లు మొదలయ్యేది అక్కడే. పెరిగిన మొక్కకైతే అది పరుచుకున్న వెడల్పులో మూడో వంతు ఉండాలి కుండీ నోరు. పిల్లలకు రెండు, రెండున్నర అంగుళాలు చాలు. అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టీ కప్పయినా ఫర్వాలేదు. ఒత్తి పెట్టి కింద నుంచి నీళ్లు అందించేవాళ్లు నూలు ఒత్తి వాడొద్దు, కుళ్లిపోతుంది, నైలాన్ దారం వేయండి, మిశ్రమంలో సగం పెర్లైట్ ఉండేలా చూసుకోండి.

సమస్య: ఆకుల మీద పాలిపోయిన మచ్చలు, వలయాలు

తెగులు అనుకుని మందు కొట్టకండి. వెచ్చగా ఉన్న ఆకు మీద చల్లటి నీళ్లు పడితే ఇలా అవుతుంది. ఎండాకాలం కదా, చల్లగా ఉంటుందని ఫ్రిజ్ నీళ్లు పోసేవాళ్లున్నారు, పాపం ప్రేమతోనే! మధ్యాహ్నం ట్యాంకు నీళ్లయితే కాగిపోయి ఉంటాయి, అవీ వద్దు. రాత్రే ఒక బాటిల్ నింపి మొక్క ఉన్న గదిలోనే పెట్టుకుంటే సరిపోతుంది. పడ్డ మచ్చలు పోవు, కొత్త ఆకులు మాత్రం శుభ్రంగా వస్తాయి.

సమస్య: కుండీ అంచుకు తెల్లటి పొర, అక్కడ ఆనిన కాడలు కుళ్లడం

మీ బకెట్‌కు తెల్లటి చార పడుతుందా? అదే బోరు నీళ్ల ఉప్పు ఇక్కడా పేరుకుంది. నెలకోసారి పైనుంచి నెమ్మదిగా, మొవ్వులో పడకుండా ఎక్కువ నీళ్లు పోసి కిందికి పూర్తిగా కారిపోనివ్వండి. అంచు తుడిచేయండి. వానాకాలంలో డాబా మీద శుభ్రమైన బకెట్ పెట్టి పట్టిన నీళ్లకు మించినవి లేవు.

మధ్య ఆకులు ముడుచుకుని, బూడిదరంగులో గట్టిగా గుత్తిలా అయిపోతే అది నీళ్ల గొడవ కాదు, కంటికి కనిపించని నల్లి (మైట్) అయ్యుండొచ్చు, ఆ మొక్కను వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టండి.

కుండీ మార్చడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మేలో, బయట నలభై దాటినప్పుడు, కుళ్లు పట్టిన మొక్కకు తప్ప దేనికీ కుండీ మార్చొద్దు. పడమటి కిటికీ నుంచి తీసి ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, వెలుతురు వచ్చే చోట పెట్టి, రోజూ పొద్దున్నే ఒకసారి కుండీ ఎత్తి చూసి వెళ్లండి.