వేదాంతి రాతల్లో లూథర్ జాడ పట్టడం – 3వ భాగం: ఎవరితో గొడవ?

పోయిన భాగంలో 1518 హైడెల్‌బర్గ్ వాదంలో ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ చెప్పిన సిలువ వేదాంతం (దేవుణ్ణి ఘనతలో కాదు, సిలువ మీది బాధలో, బలహీనతలో చూడాలన్న మాట) చూశాం కదా, ఈసారి జర్మన్ క్రైస్తవ వేదాంతి డీట్రిష్ బోన్‌హోఫర్ (1906–1945) రాతల్లో లూథర్ జాడ వెతుకుదాం.

లూథర్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, దానివల్ల ఒరిగేదేం లేదు. లూథరన్ (లూథర్ బాట పట్టిన) సంప్రదాయంలో పెరిగినవాడు లూథర్‌ని ఎలాగూ కోట్ చేస్తాడు. ఎవరితో, ఏ విషయంలో మొండికేశాడో వెతకండి.

1529లో మార్బర్గ్‌లో లూథర్ సుద్దతో బల్ల మీద 'ఇది నా శరీరము' అని లాటిన్‌లో రాసుకుని కూర్చున్నాడు, ప్రభు భోజనంలో రొట్టె గురించి క్రీస్తు అన్న మాట అది. క్రీస్తు శరీరం పరలోకంలో ఉంటే రొట్టెలో ఎలా ఉంటుందని స్విస్ సంస్కర్త జ్వింగ్లీ ఎంత వాదించినా ఆ మాట వదల్లేదు. దేవుడు మనకు అందేంత దగ్గరికి వచ్చాడన్నదే ఆయన పట్టు.

ఇప్పుడు 1931లో అచ్చయిన 'చర్య, అస్తిత్వం' తీయండి. అందులో బోన్‌హోఫర్ తలపడేది స్విస్ వేదాంతి కార్ల్ బార్త్‌తో. బార్త్‌ది జ్వింగ్లీ, కాల్విన్‌ల రిఫార్మ్‌డ్ వైపు, అంటే లూథరన్ కాని ఇంకో ప్రొటెస్టెంట్ శాఖ. దేవుడు పూర్తి స్వతంత్రుడు, మనిషి గుప్పిట్లోకి రాడు అంటాడు. దానికి బోన్‌హోఫర్ జవాబు: దేవుని స్వేచ్ఛ మనిషికి దూరంగా ఉండటానికి కాదు, మనిషి కోసం, తన వాక్యంలో, సంఘంలో ఆయన మనకు అందుతాడు. నన్నడిగితే ఇది మార్బర్గ్ గొడవే, రొట్టె లేదంతే.

1937లో బోన్‌హోఫర్ చేసిన 'చవక కృప' (క్రీస్తు వెంట నడవకుండానే దొరుకుతుందనుకునే క్షమాపణ) విమర్శ చూసి మాత్రం లూథర్‌కి దూరం జరిగాడని రాసేయకండి, చాలామంది అక్కడే బోల్తా పడతారు. అక్కడ ఆయన తిట్టేది తోటి లూథరన్లని, అదీ లూథర్‌నే సాక్షిగా పెట్టి: లూథర్ మఠం వదిలి లోకంలోకి తిరిగొచ్చింది సుఖం కోసం కాదు, క్రీస్తు వెంట నడవడానికి అని.

ఇంకో మాట. పోలిక దొరికినంత మాత్రాన ప్రభావం ఉన్నట్టు కాదు, అది ఏ దారిన వచ్చిందో చూపాలి. 1944 జులై 16న నాజీల జైలు నుంచి రాసిన ఉత్తరంలో బోన్‌హోఫర్, దేవుడు బలహీనుడై సిలువ మీదికి నెట్టబడ్డాడని, అలాగే మనకు తోడున్నాడని అంటాడు. చదవగానే హైడెల్‌బర్గ్ గుర్తొస్తుంది. దారి? బెర్లిన్‌లో ఆయన గురువుల్లో లూథర్ పరిశోధకుడు కార్ల్ హోల్ ఒకరు.

అభ్యాసం: జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ రిఫార్మ్‌డ్ సంఘం మనిషి, అయినా 1972లో 'సిలువ వేయబడిన దేవుడు' రాశాడు. గ్యోటింగెన్‌లో ఆయనకు పాఠాలు చెప్పిన లూథరన్ వేదాంతి హాన్స్ యోఅఖిమ్ ఇవాండ్ దగ్గర మొదలుపెట్టి, లూథర్ సిలువ వేదాంతం ఆయన దాకా వచ్చిన దారి ఒక పేజీలో రాయండి. దాన్ని నాలుగో భాగంలో విప్పి చూద్దాం.