రిపోర్టులో ‘ఈ లెక్క ఎప్పటిది’ అని చూపించడం ఎలా

మందుల పంపిణీ కంపెనీకి పవర్ బీఐలో (మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ టూల్) సేల్స్ రిపోర్టులు చేస్తుంటాను. పొద్దున్నే మేనేజర్లు అడిగే మొదటి ప్రశ్న: “నిన్నటి బిల్లులు పడ్డాయా అండీ?” జవాబు రిపోర్టులోనే కనిపించాలి.

చాలామంది దీనికోసం డాక్స్ (పవర్ బీఐ ఫార్ములా భాష) మెజర్‌లో, అంటే రిపోర్టు చూసినప్పుడు లెక్కకట్టే ఫార్ములాలో, నౌ ఫంక్షన్ పెట్టేస్తారు. దయచేసి పెట్టొద్దు. డేటా వారం పాతదైనా అది రిపోర్టు చూస్తున్న టైమే చూపిస్తుంది.

పవర్ బీఐలో డేటా తెచ్చి సరిచేసే భాగమైన పవర్ క్వెరీలో ఖాళీ క్వెరీ తెరిచి డేట్‌టైమ్‌జోన్.యూటీసీనౌ వాడండి, అది అప్పటి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తుంది. స్విచ్‌జోన్‌లో 5, 30 ఇచ్చి మన టైమ్‌కి మార్చండి. రిమూవ్‌జోన్‌తో జోన్ తీసేసి, టేబుల్‌గా చేసి లోడ్ చేయండి. రిఫ్రెష్ అయినప్పుడే, అంటే డేటాను మళ్లీ తెచ్చుకున్నప్పుడే, ఈ విలువ మారుతుంది. లోకల్‌నౌ అయితే మీ ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది, పవర్ బీఐ ఆన్‌లైన్ సర్వీసులోకి వెళ్లాక మామూలుగా యూటీసీ చూపిస్తుంది.

ఇంతటితో ఆగితే నాకు తృప్తి ఉండదు. రాత్రి డేటా వేర్‌హౌస్‌లోకి (రిపోర్టులకు డేటా ఇచ్చే డేటాబేస్) లోడ్ ఫెయిలై, ఉదయం 6 గంటలకు రిఫ్రెష్ మాత్రం సాఫీగా జరిగిందనుకోండి. ఆ టైమ్ చూపించే కార్డు మీద ‘ఈరోజు 6:00’ అని ఉంటుంది, లెక్క మొన్నటిది! అందుకే లోడ్ పూర్తిగా ముగిసిన ప్రతిసారీ టైమ్ రాసే చిన్న టేబుల్ వేర్‌హౌస్‌లో పెట్టించి, అందులో ఆఖరిది తెచ్చుకుంటాను. బిల్లు తేదీల్లో ఆఖరిది తీసుకుంటే కుదరదు. ఇంకా రాని తేదీ వేసిన బిల్లు ఒక్కటున్నా మోసపోతాం.

డేటా పాత ఎస్ఎస్ఏఎస్ (మైక్రోసాఫ్ట్ అనాలిసిస్ సర్వీసెస్) క్యూబ్ నుంచి వస్తుంటే, క్యూబ్‌ల వివరాలుండే ఎండీస్కీమా క్యూబ్స్‌లో లాస్ట్ డేటా అప్‌డేట్ కాలమ్ ఉంది. అదీ యూటీసీయే.

కార్డును ప్రతి పేజీలోనూ పైన పెట్టండి, పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగినా తేదీ దాంతోపాటే వెళ్తుంది.