ఇ అండ్ ఎం ట్రంకు మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

రెండు అనలాగ్ ఎక్స్ఛేంజీల మధ్య ట్రంకు (వాటిని కలిపే లైను; ఇ అండ్ ఎం రకంలో సిగ్నల్ కోసం ఇ-లీడు, ఎం-లీడు అనే విడి తీగలు ఉంటాయి) పనిచేయనప్పుడు ప్రోగ్రామింగ్ జోలికి వెళ్లే ముందు మల్టీమీటరు తీయండి. డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబు ఎర్త్‌కి, ఎర్ర ప్రోబు లీడుకి ఆనించండి. ట్రంకు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, ఎత్తినప్పుడు (కాల్ కోసం పట్టుకున్నప్పుడు) ఒకసారి, ఇ-లీడు మీదా ఎం-లీడు మీదా కలిపి నాలుగు రీడింగులు. సగం సమస్యలు వీటితోనే తేలిపోతాయి.

పీబీఎక్స్ (సంస్థ సొంత ఎక్స్ఛేంజీ) ఎం-లీడు మీద చెబుతుంది, ఇ-లీడు మీద వింటుంది. ఎం నోరు, ఇ చెవి అని గుర్తుంచుకోండి.

ఈ తీగల అమరికలు ఐదు రకాలు, టైప్ 1 నుంచి 5 దాకా. టైప్ 1లో ఖాళీగా ఉన్నప్పుడు ఎం 0, ఇ మైనస్ 48 వోల్టులు. మనవైపు ఎత్తితే ఎం మైనస్ 48కి దిగుతుంది. అటువైపు ఎత్తితే ఇ 0కి వస్తుంది. టైప్ 5లో ఖాళీగా రెండూ మైనస్ 48, ఎత్తితే రెండూ 0. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ మీద 54 దాకా చూపినా కంగారు పడక్కర్లేదు. టైప్ 2, 3ల రీడింగులు టైప్ 1 లాగే, టైప్ 4వి టైప్ 5 లాగే ఉంటాయి. అందుకే తీగలు కూడా లెక్కపెట్టండి: 1, 5లకు సిగ్నలింగ్ తీగలు రెండే, 2, 3, 4లకు ఎస్‌జీ, ఎస్‌బీ (సిగ్నల్ గ్రౌండ్, సిగ్నల్ బ్యాటరీ తీగలు) కలిపి నాలుగు.

ఎవరూ వాడకపోయినా ట్రంకు బిజీ, వాడబోతే ఖాళీ

పీబీఎక్స్ టైప్ 1లో, ఎదుటి యూనిట్ టైప్ 5లో ఉందన్నమాట. ఖాళీగా ఉన్నప్పుడు పీబీఎక్స్ ఎం-లీడుని ఎర్త్ చేస్తుంది. టైప్ 5కి ఎర్త్ అంటే ‘ఎత్తారు’ అని అర్థం. నిజంగా ఎత్తినప్పుడు మైనస్ 48 వెళ్తుంది, అది దానికి ‘పెట్టేశారు’లా కనిపిస్తుంది. ఇ-లీడు మాత్రం రెండు టైపుల్లోనూ ఒకేలా పనిచేస్తుంది కాబట్టి అటునుంచి వచ్చే సిగ్నల్ సరిగానే అందుతుంది. అదే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది.

రెండువైపులా ఒకే టైపు పెట్టండి. కార్డులో ఆ వీలు లేకపోతే 48 వోల్టుల రిలే ఒకటి చాలు. కాయిల్‌ని పీబీఎక్స్ ఎం-లీడుకీ ఎర్త్‌కీ మధ్య కలపండి. ఎత్తినప్పుడు మూసుకునే కాంటాక్టు ఎదుటి ఎం-లీడుని ఎర్త్ చేయాలి. కాయిల్‌కి అడ్డంగా డయోడు, క్యాథోడు ఎర్త్ వైపు. ఉత్త డయోడు రిలే వదలడాన్ని ఆలస్యం చేస్తుంది, సెకనుకి 10 చొప్పున వెళ్లే డయల్ పల్సుల్లో తెరుచుకునే భాగం కుదించుకుపోతుంది, అంకెలు తప్పుతాయి. డయోడుకి ఎదురుముఖంగా 24 వోల్టుల జీనర్‌ని సిరీస్‌లో పెడితే రిలే చురుగ్గా వదులుతుంది.

రెండు పీబీఎక్స్‌లను నేరుగా కలిపితే రెండువైపులా బిజీ

టైప్ 1ని టైప్ 1కి నేరుగా కలపకూడదు. ఒకదాని ఎం మీది ఎర్త్ రెండోదాని ఇ మీద పడి, కాల్ వచ్చినట్టు చూపిస్తుంది. టైప్ 2కి మార్చి ఎం-ఇ, ఎస్‌బీ-ఎస్‌జీ అడ్డంగా మార్చి కలపండి. టైప్ 5 అయితే ఎం, ఇ మార్చి కలిపితే చాలు, కానీ ఎర్త్ ఉమ్మడిగా ఉండాలి.

ఉన్నట్టుండి ట్రంకు దానంతటదే పట్టుకుంటోంది

టైప్ 1, 5లలో కరెంటు ఎర్త్ గుండానే తిరిగి వస్తుంది. రెండు భవనాల ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే డిటెక్టరు మోసపోతుంది. ఆ తేడాను ఏసీలోనూ డీసీలోనూ కొలవండి. రెండు ఎర్త్‌లనూ లావు తీగతో కలపవచ్చు, కానీ టైప్ 2కి మారడమే మేలు. దానిలో ప్రతి సిగ్నల్‌కీ సొంత తిరుగు తీగ ఉంటుంది.

మొదటి అంకె పోతోంది, లేదా డయలే వెళ్లడం లేదు

ఇమ్మీడియట్ స్టార్ట్‌లో ఎత్తాక కనీసం 150 మిల్లీసెకన్లు ఆగి అంకెలు పంపుతారు. వింక్ స్టార్ట్‌లో ఎదుటివైపు 140 నుంచి 290 మిల్లీసెకన్ల చిన్న ‘ఎత్తి-పెట్టు’ సంకేతం ఇచ్చాకే పంపాలి. మనం ఇమ్మీడియట్, వాళ్లు వింక్ అయితే అంకెలు అందుకునే రిజిస్టరు సిద్ధం కాకముందే మొదటి అంకె వెళ్లిపోతుంది. తిరగేస్తే, రాని వింక్ కోసం మనం ఎదురుచూస్తూ ఉంటాం, కాల్ తెగిపోతుంది. రెండువైపులా ఒకటే పెట్టండి.

కాల్ కలుస్తుంది, మాట వినపడదు

సిగ్నలింగ్, మాట వేర్వేరు తీగలు కాబట్టి ఇలా జరుగుతుంది. 4 తీగల ట్రంకులో పంపే జతనీ అందుకునే జతనీ తారుమారు చేసి చూడండి. ఈ జతలకు పెట్టే టీ-ఆర్, టీ1-ఆర్1 పేర్లను తయారీదారులందరూ ఒకే అర్థంలో వాడరు. మాట గరగరలాడితే లెవెల్ (సిగ్నల్ బలం, డీబీల్లో) చూడండి: మైనస్ 16 లెవెల్ కోరే క్యారియర్ (దూరపు లైను పరికరం) ఇన్‌పుట్‌లోకి 0 లెవెల్ తోస్తే ఓవర్‌లోడే. 16 డీబీ ప్యాడ్ (సిగ్నల్ బలాన్ని తగ్గించే భాగం) వేయండి.

కొన్ని గొంతులకే కాల్ తెగుతోంది

2600 హెర్ట్జ్ టోన్ సిగ్నలింగ్ ఉన్న లైన్లలో టోన్ ఉంటే ‘ఖాళీ’ అని అర్థం. గొంతులో ఆ ఫ్రీక్వెన్సీ బలంగా పలికితే రిసీవరు కాల్ ముగిసిందనుకుంటుంది. టోన్ రిసీవరులో మాటను టోన్ అని పొరబడకుండా ఆపే గార్డ్ సర్క్యూట్‌నీ, లైను లెవెల్‌నీ సరిచూడండి.